దేవనహళ్ళి నల్లద్రాక్ష పోర్చుగీసు సీసాలోకి ఎట్లా పోయింది?

ఈసారి రాత పొడుగుంది. చీనీ చెట్లకు నీళ్ళు తిప్పి, మోటారు ఆపి, తీరిగ్గా కూర్చున్నాక చదవండి.

విషయం ఎర్ర వైన్. అక్కాచెల్లెళ్ళు అప్పుడే ముఖం తిప్పుకోవద్దు. తాగమని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. మా చిన్నాయన సారాకే పోయినాడు. పిన్నమ్మ చేతి గాజులు పగిలిన రోజు నాకు ఇంకా కండ్ల ముందే ఉంది. అందుకే ఈ పేజీలో ఎప్పుడూ మందు మాట ఎత్తలేదు. ఇది ఒక పండు కథ. పండు మనకు తెలిసిందే గానీ అది యాడ పుట్టింది, ఏయే దేశాలు తిరిగింది, ఎవరు దాన్ని నిషేధించినారు అనే కథ మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

బెంగళూరులో ఉండే మా మేనల్లుడు గోవా పోయి వచ్చినాడు. నేను ఏదో పని మీద వాళ్ళింటికి పోతే, బల్ల మీద మూడు సీసాలు పెట్టినాడు. ‘మామా, నువ్వు పండ్ల రైతువు కదా, తాగొద్దులే, ఊరికే నాలుక మీద వేసి ఏ పండు రుచి తగిలిందో చెప్పు’ అన్నాడు. ఒకటి గోవాలో కొన్న పోర్ట్ వైన్, రెండు వందల చిల్లర. రెండోది స్పెయిన్ నడిబొడ్డున లా మాంచా అనే పీఠభూమిది. మూడోది అర్జెంటీనాది. ఈ రెండూ బెంగళూరు అంగట్లో కొన్నవి, ఒక్కోటి వెయ్యి దాటింది. ఆ దేశాల్లో ఇవి కూలి చేసుకునేవాళ్ళు కూడా అన్నంతోబాటు తాగే చవక రకాలేనంట. మన ఓడరేవులో 150 శాతం దిగుమతి సుంకం, ఆ పైన రాష్ట్రం పన్ను పడేసరికి పేదోని సీసా ఇక్కడ షావుకారు సీసా అయిపోతుంది.

ముందు గోవాది పోసినాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నాకు ఒక్కటే గుర్తొచ్చింది. దేవనహళ్ళి రోడ్డు. మనం బెంగళూరు పోయేటప్పుడు 44వ నంబరు రోడ్డు పక్కన గంపల్లో నల్లద్రాక్ష పెట్టుకొని కూర్చుంటారు చూడండి, గుండ్రంగా, పైన బూడిద పూసినట్టు ఉంటుంది. నోట్లో వేసి నొక్కితే తోలు ఒకపక్క, లోపలి గుజ్జు ఒకపక్క జారిపోతుంది. వాసన మాత్రం బస్సు దిగినా చేతిని వదలదు. అదే వాసన. ‘ఒరేయ్, ఇది గోవాది కాదురా, చిక్కబళ్ళాపురందిరా’ అన్నాను. వాడు నవ్వి సీసా తిప్పి చూపించినాడు. పేరేమో పోర్చుగీసు పేరు.

ఊరికి వచ్చినాక ఆ మాటే బుర్రలో తిరిగింది. ఫోన్లో, పుస్తకాల్లో వెతుక్కుంటూ పోయినాను.

ముందు మన సంగతి. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన విజయనగరం వచ్చి, చూసిందంతా రాసిపెట్టినాడు. హంపి మనకు ఎంత దూరం? పొద్దున పోయి రాత్రికి రావచ్చు. ఆయన అంగళ్ళలో ద్రాక్ష, దానిమ్మ, నారింజ, నిమ్మ, పనస, మామిడి కుప్పలు పోసి ఉన్నాయని, అన్నీ చవకని రాసినాడు. ద్రాక్ష రూకకు మూడు గుత్తులు, దానిమ్మ రూకకు పది. గమనించండి, ఆ చవక సంతలో కూడా ద్రాక్ష పిరమే. మూడు గుత్తులు కొనే డబ్బుకు పది దానిమ్మలు వచ్చేవి. ద్రాక్షంటే ఇక్కడ పండుగా తినేది, ఎండబెట్టి దాచుకునేది. మనవాళ్ళు మత్తుకు పండును పిండుకోలేదు. ఈతచెట్టు, తాటిచెట్టు ఉండగా ఆ పని ఎందుకు?

1510లో గోవా పట్టుకున్న పోర్చుగీసువాళ్ళకు మాత్రం ద్రాక్షసారా లేకపోతే పూజ జరగదు. చర్చిలో ప్రార్థనకు వైన్ తప్పనిసరి. అది లిస్బన్ నుంచి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి రావాలి. గోవా సముద్రపు వానలకు ద్రాక్షతీగ కుళ్ళిపోతుంది. అందుకని మామూలు జనం కల్లు, సారా, వాళ్ళే బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి పండుతో కాచిన ఫెనీ తాగినారు. వైన్ దొరల బల్ల మీద, పాదిరి చేతిలో ఉండేది.

ఆ వైన్ వచ్చిన చెక్క డ్రమ్మును పోర్చుగీసులో ‘పీపా’ అంటారు. అవునండీ, మనం నీళ్ళ పీపా, తారు పీపా అంటామే, అదే మాట. పోర్ట్ వైన్ వ్యాపారంలో ఈ రోజుకీ పీపా లెక్కే, ఒక పీపా అంటే సుమారు 550 లీటర్లు. ఇంకో మాట కూడా వాళ్ళదే: ‘వేలం’. పోర్చుగీసులో లెయిలావ్. సారా అంగళ్ళకు ఏటేటా పాడిన వేలంపాట గుర్తుంది కదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలుపెట్టి ఆడవాళ్ళు పొరకలు పట్టుకొని అడ్డం పడింది ఆ పాటలకే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మా పిన్నమ్మకు అది ఆలస్యమైపోయింది. సరే, పీపా దగ్గరికి వస్తాను.

ఇంగ్లీషువాళ్ళకు ఫ్రాన్సుతో ఎప్పుడూ తగాదాలే. 1703లో పోర్చుగల్‌తో ఒప్పందం చేసుకొని, ఫ్రెంచి వైన్ మీద వేసే సుంకం కంటే పోర్చుగీసు వైన్ మీద మూడోవంతు తక్కువ వేస్తామన్నారు. అప్పటినుంచి ఇంగ్లీషోని గ్లాసులో పోర్ట్. ఇండియాకు వచ్చే కంపెనీ ఓడలు దారిలో పోర్చుగీసు దీవి మడైరా దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకునేవి. ఆ వైన్‌ది ఒక వింత గుణం. ఓడ అడుగున, భూమధ్యరేఖ ఎండకు ఉడికి, ఊగి ఊగి వస్తే రుచి చెడకపోగా బాగుపడింది. అందుకని ఊరికే తిప్పుకొచ్చిన పీపాలకు ఎక్కువ ధర పెట్టేవాళ్ళంట. 1800లో నిజాం మన సీమను ఇచ్చేస్తే థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి అనంతపురంలో కూర్చుని మన భూములు కొలిపించిన రోజుల్లో, మద్రాసు దొరల బల్లల మీద నడిచింది ఈ మడైరానే. అది ఎర్రది కాదు, తేనె రంగుది.

పోర్ట్ అంటే ఏమిటో మనకు తెలిసిన కల్లుతో చెబుతాను. తెల్లవారి దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ అందులోని తీపిని ఈస్టు తినేసి మత్తుగా మారుస్తుంది. సాయంత్రానికి పులుపు. ద్రాక్షరసం కూడా అంతే. చక్కెరంతా ఈస్టు తినేదాకా ఆగితే తీపి లేని వైన్. స్పెయిన్, అర్జెంటీనా సీసాలు ఆ రకం. అట్లా కాకుండా, సగం తీపి మిగిలి ఉండగానే అందులో ఘాటైన ద్రాక్షసారా పోసేస్తే ఈస్టు చచ్చిపోతుంది, తీపి మిగిలిపోతుంది, మత్తూ పెరుగుతుంది, సరుకు చెడకుండా ఏండ్లు నిలుస్తుంది. అది అసలు పోర్ట్. పోర్చుగల్‌లో డౌరో అనే నది లోయలో మాత్రమే చెయ్యాలి. 1756లోనే వాళ్ళ మంత్రి పొంబాల్ ఆ లోయకు హద్దురాళ్ళు నాటించి, ఈ హద్దు లోపలి ద్రాక్షే పోర్ట్ కావాలని చట్టం చేసినాడు. కల్తీ ఎక్కువై ధర పడిపోయిందని చేసిన పని అది. మన చీనీకి, శెనక్కాయకు అట్లాంటి హద్దురాయి ఒకటి ఎవరైనా 1756లో కాదుగదా, 2056కైనా నాటిస్తారేమో చూద్దాం.

గోవా నుంచి పోర్చుగీసువాళ్ళు 1961 డిసెంబరులో పోయినారు. కానీ తీపి ఎర్ర వైన్ అలవాటు, పోర్ట్ అనే పేరు అక్కడే ఉండిపోయినాయి. ద్రాక్ష పండని చోట వైన్ చెయ్యాలంటే పండు యాడనుంచి రావాలి? ఘాటు దాటి ఇవతల నుంచి. మన పక్కన నందికొండ చుట్టూ, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం తోటల్లో దొరల కాలం నుంచి ఉన్న నల్లద్రాక్ష, పేరు బెంగళూరు బ్లూ. గోవా పోర్టులోకి ఎక్కువగా పోయేది అదే. కాబట్టి నా ముక్కు అబద్ధం చెప్పలేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ద్రాక్ష జాతుల్ని లెక్కగట్టే పండితులు బెంగళూరు బ్లూ, ఇసబెల్లా అనే అమెరికా రకం రెండూ ఒకటే అంటారు. ఈ ఇసబెల్లా అమెరికా అడవిద్రాక్షకు, ఐరోపా ద్రాక్షకు పుట్టిన సంకరం. 1816 ప్రాంతంలో న్యూయార్కు దగ్గరి ఒక నర్సరీ ఆయన, ఆ తీగ ఇచ్చిన ఇసబెల్లా గిబ్స్ అనే ఆమె పేరు దానికి పెట్టి అమ్మినాడు. రోగాలకు తట్టుకుంటుంది, విరగ కాస్తుంది. ఒక్కటే చిక్కు, ఆ అడవి వాసన. మనకు అది ద్రాక్ష వాసన. ఫ్రాన్సు పెద్దమనుషులకు మాత్రం నక్క వాసన.

1850ల్లో ఐరోపా తోటల మీద బూడిద తెగులు పడింది. మన ద్రాక్ష రైతులు గంధకం పొడి చల్లుతారే, ఆ తెగులే. అట్లాంటిక్ సముద్రం నడుమ పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులు ఉన్నాయి. అక్కడ పికో అనే దీవిలో నల్లటి లావారాళ్ళతో గోడలు కట్టుకొని, ఆ రాళ్ళ సందుల్లో తెల్లద్రాక్ష తీగలు పెంచేవాళ్ళు. తెగులు దెబ్బకు ఆ తోటలు పోయినాయి. కొన్నేండ్లకు వేరుపేను కూడా వచ్చింది. అది అమెరికా నుంచి తీగలతోబాటు ఎక్కి వచ్చిన పురుగు. ఐరోపా వేళ్ళను తొలిచి తినేసింది. అమెరికా వేళ్ళకు మాత్రం దాన్ని ఓర్చుకునే శక్తి ఉంది. పేద రైతు ఏం చేస్తాడు? ఇసబెల్లా నాటుకున్నాడు. దానితో చేసిన ఎర్ర వైన్‌కు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘విన్యు ద షైరు’, అంటే వాసన వైన్. పేరులోనే దాచుకోకుండా చెప్పేసినారు. పవిత్రాత్మ పండగకు ఊరంతా కలిసి తినేటప్పుడు, జాతరలో మనకు పానకం ఎట్లనో, అక్కడ ఇది అట్ల.

బ్రెజిల్ కూడా పోర్చుగీసు మాట్లాడే దేశమే. దాని దక్షిణాన రియో గ్రాండే దో సుల్ రాష్ట్రం కొండల్లోకి 1875 నుంచి ఇటలీ పేదరైతులు వలస పోయినారు. తెచ్చుకున్న ఇటలీ తీగలు అక్కడి తేమకు నిలవలేదు. నిలిచింది మళ్ళీ ఇసబెల్లానే. ఈ రోజుకీ బ్రెజిల్‌లో చేసే వైన్‌లో ఎక్కువ భాగం ఈ అమెరికా జాతి పండ్లదే. పెద్ద బుడ్డి సీసాల్లో నాలుగున్నర లీటర్ల లెక్కన అమ్ముతారు. సీసా మీద ‘భోజనపు వైన్’ అని రాయాలి. ‘మేలు వైన్’ అనే మాట ఐరోపా జాతి పండుకే. కులం సంగతి ద్రాక్షకూ తప్పలేదు.

చూడండి, గోవా, అజోర్స్, బ్రెజిల్, మూడూ పోర్చుగీసు మాట నడిచిన చోట్లే. ఒకదానికొకటి వేల మైళ్ళ దూరం. మూడుచోట్లా పేదోని గ్లాసులోకి వచ్చిన ఎర్ర వైన్ దేవనహళ్ళి గంపలో ఉండే పండుదే. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పెట్టి పీకేసిన తోట గుర్తొచ్చింది. అది తర్వాత చెబుతాను.

ఇక నిషేధం. 1934 డిసెంబరు 24న ఫ్రాన్సులో చట్టం చేసి ఆరు రకాల ద్రాక్షను అమ్మకపు వైన్‌కు పనికిరావని కొట్టేసినారు. అందులో ఇసబెల్లా ఒకటి. దీని వైన్‌లో విషం ఉంది, తాగితే పిచ్చి పడుతుంది అని ప్రచారం చేసినారు. మిథనాల్ అనే పదార్థం ఇందులో కాస్త ఎక్కువ తయారవుతుందన్నది నిజమే గానీ, మనిషికి ముప్పు చేసేంత కాదు. ఆ ఏండ్లలో ఫ్రాన్సులో వైన్ మిగిలిపోయి, ధర పడిపోయి, పెద్ద తోటలవాళ్ళు గగ్గోలు పెడుతున్నారు. మందు కొట్టకుండా, అంటు కట్టకుండా ఇంటి వెనక విరగ కాసే పేదోని తీగ వాళ్ళకు పోటీ. నాకు అర్థమైనంతలో అసలు విషం అదే. తర్వాత ఐరోపా అంతటా ఇట్లాంటి కట్టుబాట్లే వచ్చినాయి. అజోర్స్ దీవులవాళ్ళు మాత్రం తమ పండగ కోసం వాసన వైన్ వదల్లేదు.

ఇప్పుడు మిగతా రెండు సీసాల సంగతి. మా అల్లుడు చేసిన తప్పు ఏమిటంటే తియ్యటిది ముందు పోసినాడు. మైసూరుపాకు తిని టీ తాగినట్టయింది. స్పెయిన్‌ది నోట్లో పెడితే చింతపండు కడిగిన నీళ్ళు. ‘దీనికి వెయ్యి రూపాయలా!’ అన్నాను. మరుసటి రోజు అన్నం వేళ వరస మార్చి చూసినాం. నీళ్ళు పుక్కిలించి, ముందు స్పెయిన్, తర్వాత అర్జెంటీనా, చివర గోవా. పక్కన రాగిసంగటి, నాటుకోడి పులుసు. అప్పుడు తెలిసింది. స్పెయిన్‌ది టెంప్రనీయో అనే పండు. మాగిన రేగుపండు, ఎండుమట్టి మీద తొలి చినుకు పడ్డ వాసన, చివర వగరు. ఆ వగరు నాకు బాగా తెలిసిన వగరు. తంగేడు చెక్కతో తోలు ఊనుతారు కదా, ఆ చెక్కలో ఉండేదీ ద్రాక్ష తోలులో, గింజలో ఉండేదీ ఒకే జాతి పదార్థం. కోడి కొవ్వు నాలుక మీద ఉన్నప్పుడు ఆ వగరు దాన్ని కడిగేస్తుంది. అందుకే వాళ్ళు దాన్ని అన్నంతోనే తాగుతారు, ఊరికే తాగరు. అర్జెంటీనాది మాల్బెక్. అచ్చం నేరేడు పండు, నాలుక నల్లబడుతుందేమో అనిపించింది. మూడింటిలో నాకు నచ్చింది అదే. గోవాది చివర తాగితే పాయసంలాగా బాగుంది. మా చెల్లెలు ఒక్క చుక్క వేసుకొని ‘దగ్గు మందు’ అని తేల్చేసింది. ఆమె తీర్పు కూడా రాయాలి కదా.

మాల్బెక్ పండే మెండోసాలో ఏడాదికి వాన 200 మిల్లీమీటర్ల చిల్లరే. మనకు 550 అటూ ఇటూ. ఆండీస్ కొండల మంచు కరిగి వచ్చే నీళ్ళను కాలవలు తవ్వి తోటలకు పారిస్తారు, మన తుంగభద్ర ఎగువ కాలవ పెనకచెర్ల డ్యాముకు నీళ్ళు తెచ్చినట్టే. 1853లో ఫ్రెంచి మొక్కల నిపుణుడు మిషెల్ పూజే ఫ్రాన్సు తీగలు తెచ్చి అక్కడ సర్కారు నర్సరీ పెట్టినాడు. ఆ దేశం ఉత్తరపు కొస, దాన్ని ఆనుకున్న బొలీవియా, మన శెనక్కాయ పుట్టినిల్లు. ఆ సీమ మనకు గింజ ఇచ్చింది, సీసా ఇప్పుడు వచ్చింది.

నన్ను కుదిపింది లా మాంచా. వాన 300, 400 మిల్లీమీటర్లు. అక్కడి పాత తోటల్లో బోరు లేదు, డ్రిప్పు లేదు. తీగను పందిరి ఎక్కించకుండా మోకాలెత్తు పొదలాగా కత్తిరించి, పొదకూ పొదకూ రెండున్నర మీటర్లు ఎడం వదులుతారు. ప్రతి పొదకూ తన వంతు తేమ. స్పెయిన్‌లో 1996 దాకా ద్రాక్షతోటకు నీళ్ళు పెట్టడమే నిషేధం! వాన తక్కువ చోట, నీళ్ళు పెట్టని పొలంలో ఎకరాకు రెండు టన్నులు వచ్చినా దానితోనే చవక వైన్ పోసినారు.

ఇది చదివి ‘మరి మనమెందుకు చెయ్యలేం?’ అని ఎగరకండి. నేను ఎగిరి పడ్డవాణ్ణే. కొన్నేండ్ల కిందట ఎకరా పొలంలో నల్లద్రాక్ష పెట్టినాను. రాతికూసాలు, తీగ, పందిరి, అన్నీ అప్పే. మూడో ఏట బోరు ఎండింది. నాలుగో ఏట రాతికూసాలు అమ్ముకున్నాను. అప్పుడు నా కర్మ అనుకున్నాను. ఇప్పుడు లెక్క అర్థమవుతోంది. వాళ్ళకు వాన చలికాలంలో పడుతుంది. ఆ చలికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, నీళ్ళు అడగదు, పడిన చుక్క భూమిలోకి దిగుతుంది. మన ఎండ తీగను నిద్రపోనివ్వదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి మనమే దాన్ని లేపాలి, పండబెట్టాలి. ఏడాది పొడుగునా దానికి దాహమే. కాయ ఊరేది సరిగ్గా మన బోర్లు అడుగంటే మాఘ, ఫాల్గుణాల్లో. పైగా బెంగళూరు బ్లూ ఎకరాకు పది టన్నులు దాటి కాస్తేనే గిట్టుబాటు. ఆ కాపుకు నీళ్ళు కావాలి. మేలు వైన్ పండు తక్కువ కాపుతో ఎక్కువ ధర పలకాలి, కొనేవాడు పక్కన ఉండాలి. కర్ణాటక 2007లో ద్రాక్ష వైన్‌కు ఒక విధానం తెచ్చి, చిన్న వైనరీలకు దారి చేసింది. మనవైపు పండు కొనేవాడు ఇంకా గంప పట్టుకొచ్చే దళారే.

నేను మళ్ళీ ద్రాక్ష పెట్టను. ఉన్న చీనీ తోట కాపాడుకుంటే చాలు. కాలవ కింద, నీళ్ళకు భరోసా ఉన్నవాళ్ళు, లేదా హిందూపురం అవతల, చిక్కబళ్ళాపురం వైపు బెంగళూరు బ్లూ సాగు చేస్తున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి. ఈ ఏడు టన్ను ఎంతకు పోయింది, వైన్ వాళ్ళకు ఇస్తే ఎంత, సంతకు ఇస్తే ఎంత, మందులకు ఎంత అయింది. లెక్క రాస్తే ఇదే పేజీలో పెడతాను. మా బావి కాడ పందిరి పీకినప్పుడు వదిలేసిన ఒక తీగ మాత్రం వేపచెట్టు పట్టుకొని ఇంకా బతికే ఉంది. నీళ్ళు పెట్టింది లేదు. పోయినేడు నాలుగు గుత్తులు కాసింది, చిలకలు తిన్నాయి.